జరీ పనిచేసిన పండుగ బట్టలు: ఎన్నిక, రక్షణ

పండుగ వచ్చినదనగా ఇంటిలో బీరువాలు, పెట్టెలు తెరుస్తారు. రెండేండ్ల క్రితం పెళ్ళిలో ధగధగ మెరిసిన జరీ రవిక మడతలలోనుంచి బయటికి వస్తుంది. అప్పటి పసిమి వన్నె ఇప్పుడు ఉండదు. ఒకచోట గోధుమ వన్నె తిరిగి ఉంటుంది, మరొకచోట నల్లబడి ఉంటుంది, చంకల దగ్గర పచ్చని చిలుము కనిపిస్తుంది. కొందరు దుకాణదారు మోసం చేసినాడంటారు. కొందరు చింతపండు తెచ్చి రుద్దబోతారు. మరికొందరు పెట్రోలుతో కడిగితే సరిపోతుందంటారు. మొదటి మాట ఒక్కొక్కసారి నిజం కావచ్చును. రెండవ పనివల్ల బట్ట చెడుతుంది. మూడవ పనివల్ల మనిషి ప్రాణానికే ముప్పు రావచ్చును. ఈ మూడింటి వెనుక ఉన్న రసాయన, భౌతిక సూత్రాలన్నీ ఉన్నత పాఠశాల పాఠాలలో ఉన్నవే.

కుట్టుపని చేసిన బట్ట ఒకే పదార్థం కాదు. అది నాలుగు జాతుల పదార్థాల కూర్పు. అడుగున ఉన్న పట్టు మాంసకృత్తుల జాతికి చెందినది. అస్తరు, కుట్టుదారం తరచు నూలువి. నూలు సెల్యులోజ్ జాతికి చెందినది. పైన మెరిసేది వెండి, రాగి, బంగారం వంటి లోహం. వాటికి తోడు చమ్కీలు, పూసలు, అద్దాలు, రాళ్ళు, వాటిని అంటించిన జిగురు ఉంటాయి. ఒకదానికి మేలు చేసేది మరొకదానికి కీడు చేస్తుంది. నూలును శుభ్రంచేసే చాకలిసోడా పట్టును కొరుకుతుంది. వెండిని మెరిపించే మందు జిగురును కరిగిస్తుంది. ఈ ఒక్క విషయం మనసులో ఉంచుకుంటే తక్కిన జాగ్రత్తలన్నీ దానినుంచే తెలుస్తాయి.

నేత జరీ, కుట్టు జరీ

కంచి, ధర్మవరం, గద్వాల చీరల అంచులలోని జరీ మగ్గంమీద బట్టతోపాటు నేసినది. అది పడుగు పేకలలో భాగం. కుట్టుపనిలోని జరీ అట్లు కాదు. నేత పూర్తి అయిన బట్టపైన సూదితో చేర్చినది. తెలుగు జిల్లాలలో దీనిని మగ్గం పని అంటారు. ఇక్కడ మగ్గం అంటే నేతమగ్గం కాదు, బట్టను బిగించి కట్టే కర్ర చట్రం. ఉత్తరాదిలోను, హైదరాబాదులోను దీనికి కార్చోబ్ అని పేరు. చట్రంమీద బట్ట డోలుచర్మంవలె బిగుతుగా ఉండడంవల్ల కుట్టు ముడుచుకొనిపోదు.

జర్దోజీ అనేది పారశీక పదం. జర్ అనగా బంగారం, దోజీ అనగా కుట్టుట. ఈ పనిలో లోహపు తీగ బట్టలోనికి దూరి బయటికి రాదు. తీగను పైన పరచి, సన్నని నూలు దారంతో అక్కడక్కడ పట్టి కుడతారు. దబ్కా, నక్షీ అని పిలిచేవి సన్నని స్ప్రింగువలె చుట్టిన తీగలు. వాటిని చిన్న ముక్కలుగా కోసి పూసలవలె గుచ్చుతారు. కనుక జర్దోజీ పని ఆయుర్దాయం తీగ బలంమీదకంటె దానిని పట్టి ఉంచిన నూలు దారం బలంమీద ఎక్కువగా ఆధారపడి ఉంటుంది. ఆ దారం తెగితే తీగ ఎంత మేలైనదైనా ఊడిపోతుంది.

కుట్టుపనులన్నీ లోహంతో చేసేవి కావు. లక్నో చికన్ పని పలుచని బట్టపై దారంతోనే జరుగుతుంది. దానికి 2008లో భౌగోళిక గుర్తింపు లభించింది. లక్నో జర్దోజీకి 2013లో లభించింది. ధార్వాడ ప్రాంతపు కసూతి ముడి వేయకుండా, రెండు వైపులా ఒకే తీరున కనిపించే కుట్టు. లంబాడీల కుట్టుపనిలో ముదురు రంగుల నూలుబట్టపై అద్దాలు, గవ్వలు, పూసలు కూరుస్తారు. వీటిలో నూలు దారంతో నూలుబట్టపై చేసిన పనిని నీటిలో ఉతకవచ్చును. లోహం, పట్టు కలిసిన పనికి ఆ స్వేచ్ఛ లేదు.

జరీ పుట్టుక

లోహాలకు తీగగా సాగే గుణం ఉన్నదని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. ఒక గ్రాము బంగారాన్ని సుమారు 2 కిలోమీటర్ల పొడవు తీగగా సాగదీయవచ్చును. వెండి ఈ గుణంలో బంగారానికి దగ్గరగా ఉన్నది. జరీ పరిశ్రమ అంతా ఈ ఒక్క గుణంమీద నిలిచినది.

మన దేశంలో జరీ తయారీకి ప్రధాన కేంద్రం గుజరాత్‌లోని సూరత్. అక్కడ వెండి కడ్డీని ఒకదానికంటె ఒకటి చిన్నవైన రంధ్రాలగుండా వరుసగా లాగుతారు. లాగినకొద్దీ లోహం గట్టిపడి పెళుసవుతుంది. అందుచేత నడుమ నడుమ వేడిచేసి మెత్తబరుస్తారు. తల వెంట్రుకకంటె సన్ననైన తీగ వచ్చిన పిదప దానిని నున్నని ఉక్కు రోలర్ల నడుమ నొక్కి రిబ్బనువలె చదును చేస్తారు. ఈ చదునైన తీగకు బాద్లా అని పేరు. దీనిని పట్టు దారంచుట్టూ మెలిక చుడితే జరీ దారం అవుతుంది. చివరకు విద్యుత్తు సాయంతో దానిపై పలుచని బంగారు పూత వేస్తారు.

అసలు జరీలో కూడా బంగారం చాల స్వల్పం. బరువులో పెద్ద భాగం వెండి, తరువాత పట్టు, కొంత రాగి. బంగారం నూటికి ఒక పాలు కూడా ఉండదు. బంగారు జరీ అని పిలిచేది నిజానికి బంగారు ముసుగు వేసుకొన్న వెండి. అది నల్లబడడానికి మూలకారణం ఈ నిర్మాణంలోనే ఉన్నది.

రెండవ రకంలో లోపలి తీగ రాగిది. దానిపై వెండి పూత, ఆపై బంగారు వన్నె పూత ఉంటాయి. మూడవ రకంలో తీగ అసలే లేదు. పాలియెస్టర్ పొరపై శూన్యంలో అల్యూమినియం ఆవిరిని పేర్చి, దానిపై పసుపు రంగు లక్క పూసి, సన్నని పట్టీలుగా కోస్తారు. ఇది ప్లాస్టిక్ జరీ. తేలికగా ఉంటుంది, చౌకగా దొరుకుతుంది, త్వరగా నల్లబడదు. దీనిని వాడడం తప్పు కాదు; దీనిని వెండి జరీ ధరకు అమ్మడమే తప్పు.

కొనేటప్పుడు చేయదగిన పరీక్షలు

మొట్టమొదట బట్టను తిరగవేసి చూడవలె. పని నాణ్యం పైవైపు కంటె వెనుకవైపు బాగా తెలుస్తుంది. దారాలు ఒక పూవునుంచి మరొక పూవుకు పొడవుగా వేలాడుతుంటే అవి గాజులకు తగులుకొని తెగుతాయి. ఒకచోట తెగినది వరుసగా ఊడిపోతుందా అన్నది కుట్టు జాతిమీద ఆధారపడి ఉంటుంది. కొక్కెపు సూదితో వేసే ఆరీ కుట్టు గొలుసుకుట్టు. ఒక చివర సరిగా ముడి పడకపోతే, తప్పు వైపునుంచి లాగగానే గొలుసంతా విడిపోతుంది. కనుక వెనుకవైపు ముడులు గట్టిగా ఉన్నవో లేవో చూడడం ముఖ్యం.

రెండవది బరువు. పనిని మోయవలసినది బట్ట. పలుచని జార్జెట్టుపై దట్టంగా రాళ్ళు, తీగలు కుడితే ఆ బరువంతా కుట్టు అంచున ఉన్న కొద్ది దారాలపై పడుతుంది. దట్టమైన పని ఆగిపోయి పలుచని బట్ట మొదలయ్యే గీత దగ్గరనే చిరుగు పుట్టడానికి కారణం ఇదే. వెనుక నూలు అస్తరు వేసి, రెంటినీ కలిపి కుట్టిన పనిలో బరువు పంచుకొనబడుతుంది.

మూడవది దారం జాతి. బట్ట కొసనుంచి తీసిన ఒక పోగును చిమటాతో పట్టుకొని, పళ్ళెంపైన మంటలో చూడవచ్చును. పట్టు నెమ్మదిగా కాలి, వెంట్రుక కాలిన వాసన వేస్తుంది. మిగిలిన నల్లని బూడిద వేళ్ళమధ్య నలిగిపోతుంది. నూలు కాగితంవలె కాలుతుంది. పాలియెస్టర్ కరిగి, చల్లారిన పిదప గట్టి పూసవలె మిగులుతుంది, అది నలగదు. జరీ పోగులో పట్టు కాలిపోయినా లోహపు తీగ మిగిలి ఉంటే అది లోహపు జరీ. అంతా ముడుచుకొని పూస అయితే ప్లాస్టిక్ జరీ. విద్యార్థులు ఈ పరీక్షను ఉపాధ్యాయుని ఎదుట మాత్రమే చేయవలె. మిగిలిన తీగ వెండిదా, వెండి పూసిన రాగిదా అన్నది గీటురాయి, ఆమ్లం ఉన్న వారే చెప్పగలరు. తీగను గోటితో గీసినప్పుడు ఎర్రని లోహం బయటపడితే అది రాగి.

నాలుగవది రంగు నిలకడ. తడిపిన తెల్లని నూలుగుడ్డతో బట్ట లోపలి మూలను మెల్లగా ఒత్తవలె. గుడ్డకు రంగు అంటితే చెమటకు కూడా అంటుతుంది. ఎర్రని పట్టుపై తెల్లని దారంతో కుట్టిన పూలు ఒక్క వానజల్లుతో గులాబి వన్నెకు తిరగడం ఇట్లే జరుగుతుంది.

రంగుల పొందిక

దుకాణంలో నచ్చిన రంగు ఇంటికి వచ్చాక నచ్చకపోవడం అందరికీ ఎదురయ్యే విషయమే. వస్తువు రంగు వస్తువులోనే లేదు; దానిపై పడిన వెలుతురులో సగం ఉన్నది. రెండు అద్దకాలు ఒక దీపం కింద ఒకే వన్నెగా కనిపించి, ఎండలో వేరువేరుగా కనిపించవచ్చును. అందుచేత చీరకు రవికను జతచేసేటప్పుడు రెంటినీ పగటి వెలుతురులో ఒకసారి, పెళ్ళి పందిరిలో ఉండే దీపపు వెలుతురులో ఒకసారి చూడవలె.

పక్కనున్న రంగుకూడ కంటిని మార్చుతుంది. ఫ్రాన్సు దేశపు రసాయన శాస్త్రవేత్త షెవ్రోల్ 1824లో పారిస్‌లోని గోబెలిన్ నేతశాలలో అద్దకపు విభాగానికి అధిపతి అయినాడు. కొన్ని రంగుల పక్కన నేసిన నల్లదారం వెలవెలపోతున్నదని అక్కడ ఫిర్యాదు ఉండేది. ఆయన పరీక్షించి, లోపం అద్దకంలో లేదని, పక్కనున్న రంగు ప్రభావంవల్ల కన్ను నలుపును అట్లు చూస్తున్నదని తేల్చినాడు. ఈ విషయంపై ఆయన పుస్తకం 1839లో వెలువడినది. పక్కపక్కన ఉన్న రెండు రంగులు ఒకదానిని ఒకటి తమ ఎదురు వన్నెవైపు నెట్టుతాయి. ఎరుపు పక్కన ఆకుపచ్చ మరింత పచ్చగా కనబడడం, బంగారు జరీ నీలి, ఊదా రంగులపై మరింత పసిమిగా కనబడడం ఇందువల్లనే. పసుపు బట్టపై అదే జరీ కలిసిపోతుంది. అక్కడ పని విడిగా కనిపించవలెనంటే పూవుచుట్టూ ముదురు దారంతో గీత కుట్టవలసి ఉంటుంది.

జరీ మెరుపుకు మరొక కారణం ఉన్నది. బాద్లా చదునైన లోహం. అది చిన్న అద్దం వంటిది. దారంచుట్టూ మెలిక తిరిగి ఉండడంవల్ల ఆ అద్దాలు అనేక దిక్కులకు తిరిగి ఉంటాయి. ఒకే దిక్కునుంచి వచ్చే దీపకాంతిలో, మనిషి కదిలినప్పుడల్లా కొన్ని వెలిగి కొన్ని ఆరుతాయి. అన్నివైపులనుంచి సమంగా కాంతి వచ్చే మబ్బు పగటిలో అదే జరీ చదునుగా కనబడుతుంది. పగటి వేడుకకు దారపు పని, రాత్రి వేడుకకు లోహపు పని ఎక్కువగా రాణించడంలో ఇంత భౌతికశాస్త్రం ఇమిడి ఉన్నది.

నల్లబడడం

బంగారం గాలిలో చెడదు. ఐనా బంగారు జరీ నల్లబడుతుంది. పూత ఎంత పలుచనైతే అందులో అంత ఎక్కువ సూక్ష్మరంధ్రాలు ఉంటాయి. రాపిడికి పూత కొంత అరిగిపోతుంది కూడా. ఆ సందులగుండా గాలి వెండిని చేరుతుంది.

వెండికి శత్రువు ఆమ్లజని కాదు, గంధకం. గాలిలో అతి స్వల్పంగా హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు ఉంటుంది. వంద కోట్ల పాళ్ళలో ఒక పాలు ఉన్నా చాలు, తేమ, ఆమ్లజనుల సమక్షంలో అది వెండితో కలిసి సిల్వర్ సల్ఫైడ్ అవుతుంది. వెంట నీరు ఏర్పడుతుంది. ఈ పొర మిల్లీమీటరులో లక్షవ వంతు మందం దగ్గర మొదలవుతుంది. అప్పుడు జరీ కొంచెం పసుపుగా, తరువాత గోధుమగా, తరువాత నీలపు ఛాయతో కనబడి, చివరకు నల్లబడుతుంది. నీటిపై నూనె పొరలో రంగులు ఎట్లు పుడతాయో ఇక్కడ మొదటి రంగులు కూడ అట్లే పుడతాయి. పొర మందం మారినకొద్దీ రంగు మారుతుంది. రాగి తీగ ఐతే చెమటలోని ఉప్పుతో కలిసి పచ్చని చిలుము పడుతుంది.

ఇంటిలో గంధకం ఎక్కడినుంచి వస్తుంది? బొగ్గు పొగనుంచి, మురుగు కాలువనుంచి, ఉడికిన గుడ్డునుంచి, ఉన్ని బట్టలనుంచి, అన్నిటికంటె ముఖ్యంగా రబ్బరునుంచి. రబ్బరును గంధకంతో కలిపి వేడిచేసి గట్టిపరచే పద్ధతిని చార్లెస్ గుడ్‌ఇయర్ కనిపెట్టినాడు. దానికి 1844లో అమెరికాలో పేటెంటు లభించింది. ఆ గంధకం కొంత మెల్లమెల్లగా బయటికి వస్తూనే ఉంటుంది. పట్టుచీర మడతకు రబ్బరు బాండు వేసి దాచితే ఆ బాండు తగిలిన చోటనే నల్లని చార పడడం ఇందువల్లనే.

దీనిని తరగతిలో చూపడం సులభం. మూత గల రెండు సీసాలలో వెండి ముక్క ఒక్కొక్కటి ఉంచి, ఒకదానిలో గట్టిగా ఉడికిన గుడ్డుసొన వేసి రెంటికీ మూతలు బిగించవలె. మరునాటికి గుడ్డు ఉన్న సీసాలోని వెండి రంగు మారి ఉంటుంది, రెండవది మారదు.

ఇంటి వైద్యాలు

నల్లబడిన వెండిని తిరిగి తెల్లబరచే చక్కని ప్రయోగం ఒకటి ఉన్నది. పాత్రలో అల్యూమినియం రేకు పరచి, వేడినీరు పోసి, వంటసోడా కలిపి, నల్లబడిన వెండిని రేకుకు తగిలేటట్లు ఉంచవలె. అల్యూమినియం వెండికంటె చురుకైన లోహం. అది ఎలక్ట్రానులను ఇచ్చివేస్తుంది, సిల్వర్ సల్ఫైడులోని వెండి వాటిని గ్రహించి తిరిగి లోహమవుతుంది, గంధకం వదలిపోతుంది. కుళ్ళిన గుడ్డు వాసన కొంత రావచ్చును. కాలి పట్టాలకు, వెండి గిన్నెలకు ఇది మంచి పద్ధతి.

ఐతే జరీ బట్టకు ఇది పనికిరాదు. వేడి క్షారజలం పట్టును దెబ్బతీస్తుంది. పట్టులోని ముఖ్య పదార్థం ఫైబ్రాయిన్ అనే మాంసకృత్తు. గ్లైసీన్, అలనీన్, సెరీన్ అనే చిన్న ఎమినో ఆమ్లాలు గొలుసులుగా చేరి, ఆ గొలుసులు దగ్గరగా పేర్చుకొనడంవల్ల పట్టుకు బలం వచ్చింది. క్షారం ఈ గొలుసులను తుంచుతుంది. వెండి మెరుస్తుంది, కాని వెండిని మోసే దారం చస్తుంది. పైగా నీరు తగిలితే బట్ట, అస్తరు, దారం ఒక్కొక్కటి ఒక్కొక్క కొలతలో కుంచించి పని ముడుచుకొంటుంది.

చింతపండు ఇత్తడి చెంబుకు మంచిది. దానిలోని ఆమ్లం రాగి ఆక్సైడును కరిగిస్తుంది. సిల్వర్ సల్ఫైడును మాత్రం అది కరిగించలేదు. బట్టపై మరక మిగులుస్తుంది. పళ్ళపొడి, టూత్‌పేస్టు రుద్దితే నలుపు పోవచ్చును. నలుపుతోపాటు అసలే పలుచనైన బంగారు పూతకూడ పోతుంది. ఆపై వెండి మరింత బయటపడి, రెండవసారి మొదటికంటె త్వరగా నల్లబడుతుంది. ప్లాస్టిక్ జరీకి మరొక ముప్పు ఉన్నది. లక్క అరిగినచోట చాకలిసోడా చేరితే అల్యూమినియం క్షారంలో కరిగిపోయి, మెరుపు లేని వట్టి పొర మిగులుతుంది.

ఇంటిలో నిశ్చింతగా చేయదగినది ఒక్కటే. మెత్తని పొడి నూలుగుడ్డతో, మెత్తని కుంచెతో దుమ్ము తీయవలె. దుమ్ము తేమను పట్టి ఉంచి రసాయన చర్యకు వేదిక అవుతుంది. నలుపును రానీయకపోవడం సులభం. వచ్చిన పిదప బట్టమీద దానిని తీయడం కష్టం.

చెమట, అత్తరు, పెట్రోలు

చెమట వచ్చినప్పుడు స్వల్పంగా ఆమ్లగుణం కలది. సూక్ష్మజీవులు చేరిన పిదప క్షారగుణానికి తిరుగుతుంది. దానిలోని ఉప్పు లోహాన్ని తింటుంది. చెమటను ఆపే మందులలోని అల్యూమినియం లవణాలు ఆమ్లగుణం కలవి; అవి పట్టు పోగును పెళుసు చేస్తాయి. పట్టు రవికలు మొదట చంకలోనే చిరగడానికి కారణం ఇదే. చంకలో కుట్టి, తీసి ఉతుక్కొనగల నూలుగుడ్డ ఒకటి వేస్తే ఖరీదైన పని చాలకాలం నిలుస్తుంది. అత్తరు, పూతలు, తలనూనె అన్నీ పూసుకొని, అవి ఆరిన పిదపనే జరీ బట్ట ధరించవలె. వేడుక ముగియగానే మడతపెట్టక, నీడలో గాలి తగిలేచోట ఒక పూట ఆరవేయవలె. ఎండలో ఆరవేయరాదు. అతినీలలోహిత కిరణాలకు పట్టు పసుపురంగు తిరిగి బలం కోల్పోతుంది.

కుట్టుపని లేని సాదా పట్టుకు కుంకుడురసం అనువైనది. దానిలోని సపోనిన్లు నురుగునిచ్చి మురికిని విడదీస్తాయి. సబ్బులవలె క్షారగుణం దానికి లేదు. దట్టమైన జరీ పనికి మాత్రం నీరే వద్దు. దానిని పొడి ఉతుకుకు ఇవ్వవలె. పొడి ఉతుకు అన్న పేరు ఉన్నా అందులో ద్రవం ఉన్నది, నీరు మాత్రమే లేదు. చాలచోట్ల వాడేది పర్‌క్లోరోఇథిలీన్. ఇది జిడ్డును కరిగిస్తుంది. కొన్ని జాతుల జిగురును, ప్లాస్టిక్ చమ్కీలనుకూడ కరిగించగలదు. కనుక రాళ్ళు కుట్టినవా, అంటించినవా అన్నది ముందే చెప్పవలె. ఈ ద్రవాన్ని క్యాన్సర్ పరిశోధనకు గల అంతర్జాతీయ సంస్థ మనుష్యులకు బహుశా క్యాన్సర్ కలిగించే పదార్థాలలో చేర్చినది. పొడి ఉతుకునుంచి వచ్చిన బట్టను ప్లాస్టిక్ సంచినుంచి తీసి, వాసన పోయేవరకు గాలి ఆడేచోట వేలాడదీసిన పిదపనే కట్టుకొనవలె.

ఇంటిలో పెట్రోలుతో పట్టుబట్ట శుభ్రంచేయడం ఎన్నడూ చేయరాని పని. పెట్రోలు మంచు గడ్డకట్టే వేడిమికంటె ఎంతో దిగువన, సున్నాకు సుమారు 40 డిగ్రీల కిందకూడ, మండగల ఆవిరిని విడుస్తుంది. ఆ ఆవిరి గాలికంటె మూడు నాలుగు రెట్లు బరువు. పైకి పోక నేలవెంట పాకి, పక్క గదిలోని పొయ్యిని చేరుతుంది. పొయ్యి లేకపోయినా ప్రమాదం ఉన్నది. గాజుకడ్డీని పట్టుగుడ్డతో రుద్దితే విద్యుదావేశం పుడుతుందని ప్రతి విద్యార్థికి తెలుసు. పెట్రోలులో పట్టును రుద్దినప్పుడుకూడ ఆవేశం పుడుతుంది. చిన్న నిప్పురవ్వ చాలు, గది అంటుకొంటుంది.

దాచే పద్ధతి

ఉతికి గంజి లేకుండా ఆరవేసిన తెల్లని నూలుగుడ్డలో చుట్టి దాచడం పాతకాలపు అలవాటు. శాస్త్రంకూడ దానినే సమర్థిస్తుంది. గంజి ఉంటే దానిని తినే వెండిచేప పురుగులు వస్తాయి. వార్తాపత్రిక కాగితంలో ఆమ్లగుణం, సిరా ఉంటాయి, అది పనికిరాదు. ప్లాస్టిక్ సంచి తేమను లోపలనే బంధిస్తుంది. కొన్ని ప్లాస్టిక్కులు కాలక్రమాన ఆమ్లపు ఆవిరినికూడ విడుస్తాయి. వర్షాకాలంలో గాలిలో తేమ నూటికి 65 పాళ్ళు దాటితే బూజు పట్టే అవకాశం ఉంటుంది. సిలికా జెల్ పొట్లాలు మూసిన పెట్టెలో కొంత తేమను గ్రహిస్తాయి. వాటిని అప్పుడప్పుడు వేడిచేసి మరల వాడవచ్చును.

లోహపు తీగను ఒకేచోట మాటిమాటికి వంచితే విరుగుతుందని తీగముక్క పట్టుకొన్న ప్రతి పిల్లవానికి తెలుసు. జరీకూడ అంతే. ఒకే మడతలో ఏండ్ల తరబడి ఉంచితే ఆ గీతవెంట తీగ విరిగి, దారం తెగుతుంది. రెండు మూడు నెలలకొకసారి మడత మార్చవలె. మడతలో ఒక గుడ్డ చుట్టను పెడితే వంపు పదును తగ్గుతుంది. పనిని లోపలివైపుకు మడిచి, పొరల నడుమ గుడ్డ వేయవలె. బరువైన పరికిణీలను, షేర్వానీలను కొక్కేనికి వేలాడదీయరాదు. ఆ బరువంతా భుజంమీది, నడుముమీది కుట్టుపై పడుతుంది. ఇస్త్రీ చేయవలసివస్తే మందమైన తువాలుపై పనిని బోర్లించి, వెనుకవైపునుంచి తక్కువ వేడితో చేయవలె. అప్పుడు పూసలు తువాలులో దిగబడి నలగవు, ప్లాస్టిక్ జరీ కరగదు.

పురుగులకు కలరా ఉండలు వేయడం ప్రతి ఇంట ఉన్నది. వీటిలో తరచు ఉండేది నాఫ్తలీన్. అది ఘనస్థితినుంచి నేరుగా ఆవిరి అవుతుంది. ఉండ బట్టకు నేరుగా తగిలితే మరక పడుతుంది. దాని ఆవిరి కొన్ని ప్లాస్టిక్ చమ్కీలను, లక్క పూతలను మెత్తబరచవచ్చును. అంతకంటె ముఖ్యమైన విషయం ఒకటి ఉన్నది. కొందరి రక్తకణాలలో జి సిక్స్ పి డి అనే ఎంజైము పుట్టుకతోనే లోపించి ఉంటుంది. ఈ లోపం వంశపారంపర్యం, మగపిల్లలలో ఎక్కువ. అట్టి పసిబిడ్డలకు నాఫ్తలీన్ తగిలితే ఎర్రకణాలు పగిలి తీవ్రమైన కామెర్లు రావచ్చును, మెదడుకు హాని కలుగవచ్చును. పెట్టెలోనుంచి తీసిన పట్టుబట్టను అప్పటికప్పుడు బారసాల బిడ్డకు చుట్టడం, ఆ బట్ట కట్టుకొని బిడ్డను ఎత్తుకొనడం ఈ కారణంచేత ప్రమాదకరం. పసిబిడ్డ ఉన్న ఇంటిలో ఈ ఉండలు లేకపోవడమే మేలు. పురుగుల గుడ్లు దులిపివేయడానికి బట్టను తరచు తీసి, దులిపి, నీడలో గాలి ఆడనివ్వడంకంటె మంచి మందు లేదు. చెమట, జిడ్డు, అన్నం మరకలే పురుగును పిలుస్తాయి. కనుక ముందు శుభ్రంచేసి పిదప దాచవలె.

పాత జరీ విలువ

పాత పట్టుచీరల జరీ కొంటామని వీధులలో తిరిగేవారు కొనేది బట్టను కాదు, వెండిని. బట్టను కాల్చితే పట్టు బూడిద అవుతుంది. మిగిలిన లోహాన్ని 962 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమి దాటించి కరగబెడితే వెండి ముద్ద దొరుకుతుంది. రాగి జరీకి, ప్లాస్టిక్ జరీకి వారు ధర ఇవ్వకపోవడానికి కారణం ఇదే. అమ్మేవారికి తమ బట్టలో ఉన్న లోహమేమిటో తెలియకపోతే వెండి జరీకికూడ రాగి ధర దక్కుతుంది. నెలల తరబడి చట్రంమీద వంగి కుట్టిన వాని శ్రమకు మాత్రం ఆ తూకంలో లెక్క లేదు.

అమ్మమ్మ పెళ్ళినాటి రవిక నల్లబడి ఉన్నంతమాత్రాన అది పాడైపోయినట్లు కాదు. నలుపు వెండిపైన ఉన్న పలుచని పొర మాత్రమే. పైగా అట్లు నల్లబడడం అది ప్లాస్టిక్ కాదని, లోహమేనని తెలిపే గుర్తుకూడ. పట్టు గట్టిగా ఉండి, కుట్టు నిలిచి ఉంటే, ఆ నలుపును అట్లే ఉండనిచ్చి, శుభ్రమైన నూలుగుడ్డలో మడత మార్చి దాచితే మరొక తరం దానిని చూస్తుంది.